పిగ్మెంట్ ఇంకు ఛాయాచిత్ర ముద్రణలో సమమైన మెరుపు: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

పిగ్మెంట్ ఇంకుతో ముద్రించిన ఛాయాచిత్రం దీర్ఘకాలం మన్నుతుంది. అయితే గ్లాసీ కాగితంపై ఆ ఇంకు పడినచోట ఒక మెరుపు, పడనిచోట మరొక మెరుపు కనిపించడం తొలినాళ్ల నుంచి దాని లోపంగా నిలిచింది. ఈ లోపానికి మూలం ఎక్కడుంది, దానిని తొలగించడానికి 2000 తరువాత ఏయే మార్గాలు వచ్చాయి, వాటిలో ప్రతిదాని పరిమితి ఏమిటి అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బొమ్మను ఏర్పరచే పదార్థం కాగితంలో ఏ స్థానంలో నిలుస్తుందన్నదే మెరుపును నిర్ణయిస్తుందనీ, బొమ్మలోని తెల్లని భాగాన్ని కూడా ముద్రించవలసిన భాగంగా గుర్తించినప్పుడే ఈ సమస్యకు పరిష్కారం లభించిందనీ నిరూపించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: పిగ్మెంట్ ఇంకు, డై ఇంకు, మెరుపు తేడా, కంచువన్నె, కార్బన్ ముద్రణ, బెరైటా కాగితం, రంగులేని ఇంకు.

1. ఉపోద్ఘాతం:

ఛాయాచిత్రాన్ని చూసేవారు సాధారణంగా బొమ్మను చూస్తారే గాని కాగితపు ఉపరితలాన్ని చూడరు. ఉపరితలం అంతటా ఒకే తీరున మెరిసినంతకాలం అది కంటికి అడ్డు రాదు. మెరుపు ఒకచోట ఎక్కువగా, మరొకచోట తక్కువగా ఉన్నప్పుడు మాత్రం చూపు బొమ్మను విడిచి ఉపరితలం మీద నిలుస్తుంది. కిటికీ పక్కన చిత్రాన్ని చేతిలో పట్టుకొని కొంచెం వంచితే నల్లని జుట్టు ఒక రకంగా, తెల్లని చొక్కా మరొక రకంగా మెరుస్తాయి. ఆ క్షణంలో అది ఛాయాచిత్రంలా గాక, కాగితం మీద ఇంకు అద్దిన వస్తువులా కనబడుతుంది.

ఇది అందానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఇంక్‌జెట్ ముద్రణను రసాయనపద్ధతిలో తయారైన ఛాయాచిత్రంతో సమానంగా అంగీకరించాలా, వద్దా అన్న చర్చలో మన్నిక ఎంత ముఖ్యమైనదో ఉపరితలం కూడా అంతే ముఖ్యమైనది. మన్నిక కోసం పిగ్మెంట్ ఇంకును ఎన్నుకున్నవారు సమమైన మెరుపును కోల్పోయారు. మెరుపు కోసం డై ఇంకును ఎన్నుకున్నవారు మన్నికను వదులుకున్నారు. ఈ రెండింటినీ ఒకేచోటికి తేవడానికి సాగిన కృషిని అర్థం చేసుకోవాలంటే ముందుగా రసాయన ఛాయాచిత్రంలో మెరుపు ఎలా ఏర్పడిందో చూడాలి.

2. రసాయన ముద్రణలో మెరుపు:

విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1839లో లోకానికి వెల్లడించిన పద్ధతి నుంచి వచ్చిన ఉప్పు కాగితపు ముద్రణలలో వెండి రేణువులు కాగితపు పీచులోనే ఇంకి ఉండేవి. ఆ బొమ్మలకు ప్రత్యేకమైన మెరుపు లేదు. కాగితం ఎలా ఉంటే బొమ్మ అలా ఉండేది. 1850లో ఫ్రాన్స్‌లో లూయీ దెసిరే బ్లాంకార్-ఎవ్రార్ గుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని ప్రవేశపెట్టాడు. దీనితో బొమ్మ పీచును విడిచి కాగితంపైన ఉన్న పలుచని పొరలోకి చేరింది. మెరుపు, వివరాల స్పష్టత, నలుపు గాఢత ఒక్కసారిగా పెరిగాయి. ఈ కాగితానికి ఏర్పడిన గిరాకీ ఎంతటిదంటే 1880వ దశకం చివరినాటికి జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఒక్క సంస్థే రోజుకు దాదాపు 60,000 గుడ్లను వినియోగించేది. సికింద్రాబాదులో స్టూడియో నడిపి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా పేరొందిన రాజా లాలా దీన్‌దయాళ్ (1844–1905) చిత్రాలలో అనేకం ఈ తెల్లసొన కాగితం మీద ముద్రితమైనవే.

తరువాత తెల్లసొన స్థానాన్ని జెలటిన్ ఆక్రమించింది. కాగితానికీ జెలటిన్‌కూ మధ్య బేరియం సల్ఫేటుతో చేసిన నునుపైన తెల్లని పూత చేరింది. దీనినే బెరైటా అంటారు. ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలో విస్తారంగా దొరికే ముగ్గురాయి రసాయనికంగా ఈ బేరియం సల్ఫేటే. ఫోటో కాగితానికి వాడేది మాత్రం శుద్ధిచేసిన అతి సన్నని రూపం. ఈ పూత కాగితపు పీచులోని ఎగుడుదిగుళ్లను కప్పి, పైనున్న జెలటిన్‌కు సమతలాన్ని ఇచ్చింది. ఇంకా ఎక్కువ మెరుపు కావలసినవారు తడి ముద్రణను నునుపైన లోహపు పలకకు బోర్లించి ఆరబెట్టేవారు. పలక నునుపు జెలటిన్‌కు దిగేది. 1932లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రదర్శన ఏర్పాటుచేసిన ‘గ్రూప్ ఎఫ్/64’ ఛాయాచిత్రకారులు అంతకుముందు తరం ఆదరించిన మసకబారిన మ్యాట్ కాగితాలను కాదని గ్లాసీ కాగితాన్ని చేపట్టడం, మెరుపును స్పష్టతకు గుర్తుగా భావించడాన్ని తెలియజేస్తుంది.

ఈ చరిత్రలో ప్రస్తుతాంశానికి అవసరమైన విషయం ఒక్కటే. జెలటిన్ కాగితంలో వెండి గాని, రంగుచిత్రాలలో డై గాని, జెలటిన్ పొర లోపల ఉంటుంది. నల్లని భాగమైనా తెల్లని భాగమైనా పైనున్న చర్మం ఒక్కటే. కాబట్టి మెరుపు అంతటా ఒక్కటిగా ఉండడం ఎవరూ ప్రత్యేకంగా సాధించిన విజయం కాదు. ఆ నిర్మాణంలోనే అది ఇమిడి ఉంది.

3. కార్బన్ ముద్రణ - తొలి హెచ్చరిక:

వెండి బొమ్మలు కాలక్రమంలో వెలిసిపోవడాన్ని 19వ శతాబ్దపు మధ్యకాలానికే గుర్తించారు. వెలియని వర్ణరేణువుతోనే బొమ్మను నిర్మించాలన్న ఆలోచన అప్పుడే పుట్టింది. 1855లో అల్ఫాన్స్ పోయితెవాఁ దీనికి పునాది వేయగా, 1864లో ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ స్వాన్ కార్బన్ టిష్యూతో ఆచరణయోగ్యం చేశాడు. డైక్రోమేటు కలిపిన జెలటిన్‌లో మసిని గాని, ఇతర వర్ణరేణువులను గాని ఉంచుతారు. వెలుగు తాకినచోట జెలటిన్ గట్టిపడుతుంది. తాకనిచోట వేడినీటిలో కరిగిపోతుంది. మిగిలిన జెలటిన్ మందమే బొమ్మ అవుతుంది. నీడలలో మందం ఎక్కువ, వెలుగులలో తక్కువ.

అందువల్ల కార్బన్ ముద్రణను ఏటవాలుగా చూస్తే నల్లని భాగాలు కొద్దిగా ఉబ్బెత్తుగా, ఎక్కువ మెరుపుతో కనిపిస్తాయి. తెల్లని భాగాలు కాగితపు తీరులోనే ఉంటాయి. పాత ఛాయాచిత్రాలను పరీక్షించే సంరక్షకులు కార్బన్ ముద్రణను గుర్తించే ఆనవాళ్లలో దీనిని ఒకటిగా పరిగణిస్తారు. పిగ్మెంట్ ఇంకులో 2000 తరువాత కనిపించిన లోపానికి పూర్వరూపం ఇదే. మన్నిక కోసం వర్ణరేణువును ఆశ్రయించిన మొదటిసారే మెరుపు తేడా కూడా వెంట వచ్చింది.

4. ఇంక్‌జెట్‌లో డై నుంచి పిగ్మెంట్‌కు:

ఇంక్‌జెట్ ద్వారా కళాత్మక ఛాయాచిత్ర ముద్రణకు బాట వేసినవి ఐరిస్ యంత్రాలు. ముద్రణశాలల్లో నమూనా ప్రతులు తీయడానికి ఉద్దేశించిన ఈ యంత్రాన్ని సంగీతకారుడు గ్రాహమ్ నాష్, ఆయన సహచరులు ఛాయాచిత్ర ముద్రణకు మలచి, 1991లో కాలిఫోర్నియాలో నాష్ ఎడిషన్స్‌ను నెలకొల్పారు. ఐరిస్‌లో వాడినవి డై ఇంకులు. నీటిలో పూర్తిగా కరిగే డై కాగితపు పూతలోకి ఇంకిపోతుంది కాబట్టి పైనున్న మెరుపు పెద్దగా మారదు. కాని తొలినాటి డైలు వెలుగుకు త్వరగా వెలిశాయి. హెన్రీ విల్హెల్మ్ వర్ణ ఛాయాచిత్రాల మన్నికపై 1993లో వెలువరించిన బృహద్గ్రంథం తరువాత, ఏ ముద్రణ ఎన్నేళ్లు నిలుస్తుందన్న ప్రశ్న కొనుగోలుదారులకూ వస్తుప్రదర్శనశాలలకూ ప్రధానమైంది. దీనికితోడు, త్వరగా ఆరిపోయే సూక్ష్మరంధ్ర కాగితాల్లో డై గాలికి తెరచుకొని ఉండేది. వాతావరణంలోని ఓజోను సోకి కొన్ని చిత్రాలు కొద్ది వారాల్లోనే నారింజవన్నెకు తిరగడం 2000 ప్రాంతంలో పెద్ద వివాదమైంది.

అదే 2000లో ఎప్సన్ సంస్థ బల్లపై ఉంచి వాడుకోదగిన పిగ్మెంట్ ఫోటో ముద్రణయంత్రం స్టైలస్ ఫోటో 2000పి ని విడుదలచేసింది. మన్నిక విషయంలో ఇది పెద్ద ముందడుగు. అయితే బూడిదవన్నెలు దీపపు వెలుగులో ఒకలా, పగటివెలుగులో ఆకుపచ్చగా కనిపించేవి. 2002లో వచ్చిన 2100, అమెరికాలో 2200గా అమ్ముడైన యంత్రం, అల్ట్రాక్రోమ్ అనే ఏడు ఇంకులతో ఈ లోపాన్ని చాలావరకు తగ్గించింది. రంగు కుదుటపడిన తరువాత మిగిలిన లోపం మెరుపు తేడాయే. గ్లాసీ కాగితం వాడేవారికి అది అంతకుముందుకంటే స్పష్టంగా కనబడసాగింది.

5. మెరుపు తేడా - స్వరూపం, కారణాలు:

ముద్రణదారులు ఒకే లోపంగా భావించినది నిజానికి రెండు లోపాల కలయిక. వీటిని విడదీయకుండా పరిష్కారాలను అంచనా వేయలేము.

మొదటిది మెరుపు తేడా. వర్ణరేణువు పరిమాణం సుమారు 100 నానోమీటర్లు. గ్లాసీ కాగితపు పూతలోని రంధ్రాలు సాధారణంగా అంతకంటే చిన్నవి. కాబట్టి నీరు లోపలికి పోతుంది, రేణువులు పైన నిలుస్తాయి. ఇంకు దట్టంగా పడినచోట రేణువులు, వాటిని పట్టి ఉంచే రెసిన్ కలిసి కొత్త ఉపరితలాన్ని ఏర్పరుస్తాయి. లేతవన్నెలలో బొట్లు విడివిడిగా పడి గరుకుదనాన్ని పెంచుతాయి. స్వచ్ఛమైన తెలుపులో ఇంకు లేదు కాబట్టి కాగితమే ఉపరితలం. ఒకే చిత్రంలో ఈ విధంగా మూడు రకాల ఉపరితలాలు పక్కపక్కన నిలుస్తాయి.

రెండవది కంచువన్నె. దీపపు ప్రతిబింబం ఉపరితలంపై పడినప్పుడు అది తెల్లగా కాక, రాగి లేదా కంచు వన్నెలో మెరవడం దీని లక్షణం. కాంతిని బలంగా గ్రహించే రేణువులు కొన్ని వన్నెలను ఎక్కువగా పరావర్తనం చేయడం, పలుచని పొరలో కాంతితరంగాలు పరస్పరం కలవడం దీనికి కారణాలు. సయాన్ ఇంకులో వాడే రాగి థాలోసయనిన్ ఎర్రని కంచువన్నెను ఇవ్వడం సుపరిచితం. మెరుపు పరిమాణం అంతటా సమమైనప్పటికీ కంచువన్నె మిగిలి ఉండవచ్చు.

ఈ తేడాలు కొలతకు అందుతాయి. మెరుపును 20, 60, 85 డిగ్రీల కోణాలలో కొలిచే పరికరాలున్నాయి. 1.567 వక్రీభవన గుణకం గల నల్లని నునుపైన గాజును 100గా లెక్కిస్తారు. అధిక మెరుపుకు 20 డిగ్రీలు, మధ్యస్థానికి 60, మ్యాట్ ఉపరితలాలకు 85 అనుకూలం. తెల్లని భాగానికీ, లేత, మధ్య, గాఢ వన్నెలకూ విడివిడిగా ఈ కొలత తీసి చూస్తే అంకెల మధ్య వ్యత్యాసమే మెరుపు తేడా అవుతుంది.

మెరుపుతో నలుపు గాఢతకు కూడా సంబంధం ఉంది. సుమారు 1.5 వక్రీభవన గుణకం ఉన్న ఉపరితలం ఎదురుగా పడిన కాంతిలో 4 శాతాన్ని లోపలికి పోనివ్వకుండానే వెనక్కు పంపుతుంది. ఉపరితలం నునుపుగా ఉంటే ఈ కాంతి ఒకే దిశలో పోతుంది. చూసేవారు కొంచెం పక్కకు జరిగితే నలుపు నల్లగానే కనిపిస్తుంది. గరుకుగా ఉంటే ఆ 4 శాతం అన్ని దిశలకూ చెదిరి నలుపు మీద బూడిదపొర వేస్తుంది. కాబట్టి ఉపరితలాన్ని సమం చేయడమంటే నీడలలోని వివరాలను కాపాడడం కూడా.

6. రంగులేని ఇంకు:

2004లో విపణిలోకి వచ్చిన ఎప్సన్ స్టైలస్ ఫోటో ఆర్800 ఈ చరిత్రలో మలుపు. దాని ఎనిమిది కార్ట్రిడ్జిలలో ఒకదానిలో రంగే లేదు. దాని పేరు గ్లాస్ ఆప్టిమైజర్. ఇక్కడ గ్లాస్ అంటే గాజు కాదు, మెరుపు. రెసిన్ కలిసిన ఈ పారదర్శక ద్రవాన్ని ఇంకు తక్కువగా పడినచోట, అసలు పడనిచోట యంత్రం చల్లుతుంది. దీనితో నీడకూ వెలుగుకూ ఒకే రకమైన రెసిన్ ఉపరితలం లభించింది. 2005లో ఇదే పద్ధతిని ఆర్1800 పెద్ద కాగితాలకు విస్తరించింది.

ఈ ఆలోచనలోని విశేషం సాంకేతికతకు మించినది. అప్పటివరకు ముద్రణలో తెలుపంటే ఇంకు లేకపోవడం. అచ్చుయంత్రమైనా ఇంక్‌జెట్ అయినా తెల్లని భాగాన్ని కాగితానికి వదిలేసేది. ఆర్800లో తెలుపు కూడా ముద్రించవలసిన వన్నె అయింది. జెలటిన్ కాగితంలో కర్మాగారం ముందే ఇచ్చిన ఒకే చర్మాన్ని, ఇక్కడ యంత్రం బొమ్మకు తగినట్లుగా లెక్కగట్టి తరువాత నిర్మించింది.

ఇతర సంస్థలు ఈ మార్గాన్నే అనుసరించాయి. 2006లో హ్యూలెట్-ప్యాకర్డ్ వెలువరించిన డిజైన్‌జెట్ జెడ్3100 లోని 12 ఇంకులలో ఒకటి మెరుపును పెంచే పారదర్శక ఇంకు. కానన్ సంస్థ 2011లో పిక్స్‌మా ప్రో-1 తో క్రోమా ఆప్టిమైజర్‌ను ప్రవేశపెట్టి, 2012 నాటి ప్రో-10 లోను, 2015 నాటి ఇమేజ్‌ప్రోగ్రాఫ్ ప్రో-1000 లోను కొనసాగించింది. ఇది తెల్లని భాగాన్ని కప్పడానికే పరిమితం కాలేదు. ఇంకు బొట్ల మధ్య ఎత్తుపల్లాలను పూడ్చి, కంచువన్నెను తగ్గించి, నలుపును గాఢంగా చూపడం కూడా దాని లక్ష్యం.

7. సమాంతర మార్గాలు:

రంగులేని ఇంకు ఏకైక మార్గం కాదు. 2005లో ఎప్సన్ సంస్థే మరొక సమాధానాన్ని పక్కనే నిలిపింది. ఆ ఏడాది వచ్చిన ఆర్2400 లో ఆప్టిమైజర్ లేదు. దానికి బదులు కె3 ఇంకులలో మూడు స్థాయిల నలుపులు ఉన్నాయి. వర్ణరేణువు చుట్టూ ఉన్న రెసిన్ తొడుగును మెరుగుపరచి కంచువన్నెను తగ్గించారు. లేత నలుపులు ఎక్కువ విస్తీర్ణంలో పడడం వల్ల మధ్యవన్నెలలో ఉపరితలం నిండుగా ఏర్పడింది. స్వచ్ఛమైన తెలుపు మాత్రం కాగితంగానే మిగిలింది. గ్లాసీ కాగితానికి ఆర్1800, నలుపు-తెలుపు చిత్రాలకూ పలురకాల కాగితాలకూ ఆర్2400 అన్న విభజన ఒకే సంస్థలో, ఒకే ఏడాదిలో ఏర్పడడం ఈ సమస్యకు అప్పటికి సర్వసమ్మతమైన పరిష్కారం లేదనడానికి నిదర్శనం.

కాగితం తయారీదారులు వేరొక దారి పట్టారు. 2000వ దశకపు ద్వితీయార్ధంలో ఇంక్‌జెట్ కోసం బెరైటా కాగితాలు వచ్చాయి. వీటి మెరుపు అద్దంలా కాక మృదువుగా ఉండి, ఇంకు ఏర్పరచే ఉపరితలానికి దగ్గరగా ఉంటుంది. ఇక్కడ తేడాను తొలగించడం కంటే ఇంకు మెరుపుకు కాగితాన్ని సరిపోల్చడం జరిగింది. సన్నని గరుకు గల లస్టర్ కాగితాలు కూడా ప్రతిబింబాన్ని చెదరగొట్టి తేడాను మరుగుపరుస్తాయి.

నలుపు-తెలుపు ముద్రణకు జాన్ కోన్ అభివృద్ధిచేసిన పీజోగ్రఫీ పద్ధతిలో పారదర్శక ద్రవాన్ని విడిగా రెండవ విడతలో ముద్రించే విధానం ప్రచారంలోకి వచ్చింది. బొమ్మ ఆరిన తరువాత అదే కాగితాన్ని మళ్లీ యంత్రంలోకి పంపి, మొత్తం మీద పూత వేస్తారు. యంత్రంతో నిమిత్తం లేకుండా స్ప్రే వార్నిషు కొట్టడం, లామినేషన్ చేయడం కూడా వాడుకలో ఉన్నాయి. 2020లో వచ్చిన ఎప్సన్ పి700, పి900 యంత్రాలు నలుపు భాగాలపై లేత బూడిద ఇంకును పైపూతగా వేసి చెదిరే కాంతిని తగ్గిస్తాయి. ఇందులో ప్రత్యేకమైన పారదర్శక ఇంకు లేదు. ఉన్న ఇంకే ఆ పాత్రను పోషిస్తుంది. అంటే నీడల ఉపరితలం బాగుపడుతుంది గాని, తెలుపు తిరిగి కాగితానికే మిగులుతుంది.

8. ఆచరణలో నిలిచిన నియమాలు:

పై చరిత్ర నుంచి ముద్రణదారుల ఆచరణలోకి కొన్ని నియమాలు చేరాయి. పారదర్శక ఇంకు ఉన్న యంత్రాలలో దానిని అవసరమైనచోట మాత్రమే వేయడం, పేజీ మొత్తానికి వేయడం అన్న రెండు ఎంపికలు సాధారణంగా ఉంటాయి. మొదటిది పొదుపు. అయితే ఆకాశం, తెల్లని వస్త్రం వంటి పెద్ద తెల్లని భాగాలున్న చిత్రాలలో రెండవదే సమమైన ఫలితాన్నిస్తుంది. ఇటువంటి చిత్రాలకే ఆ ఇంకు ఎక్కువగా ఖర్చవుతుంది. బొమ్మలో ఏమీ లేనిచోటే అత్యధికంగా ఇంకు వాడవలసి రావడం ఈ పద్ధతిలోని వైచిత్రి.

పారదర్శక ఇంకు లేని యంత్రాలలో స్వచ్ఛమైన తెలుపు విలువను 255 నుంచి 250 పరిసరాలకు దించడం చాలాకాలంగా ఉన్న ఉపాయం. అప్పుడు తెలుపుపై కూడా లేత ఇంకు చుక్కలు పడి, కాగితానికీ బొమ్మకూ మధ్య హఠాత్తుగా కనిపించే అంచు తగ్గుతుంది. దీనివల్ల తెలుపు కాంతి కొంత తగ్గుతుంది. ముద్రణ పూర్తిగా ఆరకముందే వార్నిషు వేసినా, అద్దం వెనుక బిగించినా లోపలి ద్రావకాలు బయటకు పోలేక పొగమంచులాంటి పొర ఏర్పడవచ్చు. అందుకే ఒకరోజైనా ఆరనివ్వడం పరిపాటి. కాగితానికి తగిన ఎంపికను యంత్రంలో సరిగా ఇవ్వకపోతే ఇంకు పరిమాణం మారి, మెరుపు కూడా మారుతుంది.

చిత్రాన్ని ఎక్కడ చూస్తారన్నది కూడా నిర్ణాయకమే. అద్దం వెనుక ఉన్న చిత్రంలో కంటికి ముందుగా తగిలేది అద్దపు మెరుపు. కాబట్టి వెనుక ఉన్న తేడా దాదాపు కనిపించదు. చేతిలో పట్టుకొని తిప్పి చూసే చిత్రానికి, ఆల్బమ్‌లోని పుటకు ఆ రక్షణ లేదు. కుటుంబాలు తరతరాలకు దాచుకొనే చిత్రాలలో ఎక్కువభాగం ఈ రెండవ కోవకు చెందినవే.

9. ముగింపు:

- బొమ్మను ఏర్పరచే పదార్థం పీచులో ఉందా, పొర లోపల ఉందా, ఉపరితలంపై ఉందా అన్నదే ఛాయాచిత్రపు మెరుపును నిర్ణయిస్తుంది. ఉప్పు కాగితం, జెలటిన్ కాగితం, పిగ్మెంట్ ముద్రణ ఈ మూడు స్థితులకు ఉదాహరణలు.
- మెరుపు తేడా ఇంక్‌జెట్‌తో పుట్టిన లోపం కాదు. 1864 నాటి కార్బన్ ముద్రణలోనే అది కనిపిస్తుంది. వర్ణరేణువు ఇచ్చే మన్నికకు చెల్లించిన మూల్యంగా దానిని గుర్తించాలి.
- మెరుపు తేడా, కంచువన్నె వేర్వేరు లోపాలు. రెసిన్ తొడుగు మెరుగుపరచడం ప్రధానంగా రెండవదానిని, పారదర్శక ఇంకు రెండింటినీ తగ్గించాయి.
- 2004లో వచ్చిన రంగులేని ఇంకు, తెలుపును ముద్రించవలసిన భాగంగా పరిగణించడం ద్వారా సమమైన ఉపరితలాన్ని సాధ్యంచేసింది. కాగితం, వార్నిషు, రెండవ విడత పూత వంటి ఇతర మార్గాలు ఇదే ప్రయోజనాన్ని వేర్వేరు స్థాయిలలో నెరవేర్చాయి.
- 2020 నాటి యంత్రాలు సైతం ఈ విషయంలో ఒకే దారిలో లేవు. కాబట్టి పిగ్మెంట్ ఛాయాచిత్రాన్ని భద్రపరిచేవారు కాగితం, ఇంకుల పేర్లతోపాటు పైపూత ఉందా, ఉంటే ఏ రకమైనదన్న వివరాన్ని కూడా నమోదుచేయవలసి ఉంటుంది. ఇంకు, పైపూత కాలక్రమంలో ఒకే తీరున మారకపోవచ్చు. ఏ మెరుపు ముద్రణనాటిదో, ఏది తరువాత ఏర్పడిన మార్పో భావితరాల సంరక్షకులకు తెలిపే ఆధారం ఆ నమోదే.